మూడు రోజుల చార్జింగు

సైన్సులో తప్పు కనిపిస్తే ఊరుకునే అలవాటు నాకు లేదు. తప్పు చేసింది పీఠాధిపతి అయినా పదో తరగతి పిల్ల అయినా ఒకటే ఎర్ర సిరా. మర్యాద కోసం తప్పును వదిలేసేవాడు మర్యాదస్తుడు కాదు, సోమరి. ఈ మాట ఇప్పటికీ అంటాను. అయితే ఆ ఎర్ర సిరాను గుడ్డిగా వాడిన సందర్భం ఒకటుంది. అది దాచుకుంటే ఇంకొకర్ని నిలదీసే హక్కు నాకు ఉండదు కాబట్టి రాస్తున్నాను.

పాలకొల్లులో మేం కొందరం హేతువాదులం ఏటా బడిపిల్లలకు సైన్సు కథల పోటీ పెడతాం. గెలిచిన కథను చిన్న పుస్తకంగా అచ్చు వేయించి చుట్టుపక్కల హైస్కూళ్ళకు పంచుతాం. న్యాయనిర్ణేతలం ముగ్గురం. నేను ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరయ్యాను. ఒకాయన కరెంటాఫీసులో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడు. మూడో ఆయన ఇప్పటికీ పాఠాలు చెబుతున్న జువాలజీ మాస్టారు. ముగ్గురం మగవాళ్ళం. ఆ సంగతి అప్పటిదాకా మాలో ఎవరికీ సంగతిగా తోచలేదు.

కిందటి పోటీకి వచ్చినవాటిలో ఒకటి మామూలు కథ కాదు, బొమ్మల పుస్తకం. పెనుగొండ వైపు ఒక పల్లెటూరినుంచి వచ్చింది. లాంగ్ నోటుబుక్కులో అరవై పేజీలు, నల్ల పెన్నుతో గళ్ళు గళ్ళుగా వేసిన బొమ్మలు, మధ్యలో గుండ్రని బుడగల్లో మాటలు. దీన్ని మాంగా అంటారట. జపాన్ వాళ్ళ పద్ధతి. ఇప్పటి పిల్లలు ఫోన్లో చదువుతారు. జపాన్ పుస్తకాలు కుడినుంచి ఎడమకు తిప్పాలన్న సంగతి తెలియక నేను మన పద్ధతిలోనే మొదలుపెట్టాను. నా చదువు ప్రకారం ఒక మరమనిషి పిల్ల వీధుల్లో సైకిలు తొక్కుతూ హాయిగా తిరిగి తిరిగి, చివరికి తనంతట తనే అట్టపెట్టెలో పడుకుని మూత వేయించుకుంది. ఇదేం విషాదాంతం అనుకుంటూ ఆఖరి పేజీకి వస్తే దాని మీద 'మొదలు' అని ఉంది.

తిప్పి చదివాను. కాకినాడ రేవులో దిగిన పెట్టె ఒకటి లారీలో రొయ్యల చెరువుల ఊరికి వస్తుంది. అందులో మరమనిషి. ఆడపిల్ల రూపం, ముఖంలో సగం కళ్ళే. ఎనిమిదో తరగతి చదివే కుర్రాడి ఇంట్లో పనికి పెడతారు. ఆమె వాడికి ఆల్జీబ్రా చెబుతుంది, వాడు ఆమెకు సైకిలు నేర్పుతాడు. చెరువులో ఆక్సిజన్ ఎంతుందో నీళ్ళలో వేలు పెట్టి చెప్పేస్తుంది. బొమ్మలు ఎంత బాగున్నాయంటే, తెల్లవారుజామున రొయ్యలు నీటిపైకి తేలి నోళ్ళు తెరిచే బొమ్మ చూసి జువాలజీ మాస్టారు కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు.

కాని పద్నాలుగో పేజీనుంచి నా కలం ఆగలేదు. నెలకు మూడు రోజులు ఆ మరమనిషిని పెరటి గదిలో చార్జింగుకు కూర్చోబెడతారు. 'ఏ ఇంజినీరూ ఇలాంటి బ్యాటరీ తయారు చెయ్యడు' అని మార్జిన్లో రాశాను. ఆ రోజుల్లో ఆమె ఊరగాయ జాడీ తాకకూడదంటారు. 'ఊరగాయకూ విద్యుత్తుకూ ఏమి సంబంధం?' అని రాశాను. నాలుగో రోజు పొద్దున్నే ఆమె తలమీద చెంబులతో నీళ్ళు గుమ్మరిస్తారు. 'ప్రమాదం! షార్ట్ సర్క్యూట్' అని రాసి రెండు గీతలు గీశాను. ఇరవయ్యో పేజీలో కుర్రాడు పెట్టెతో వచ్చిన మాన్యువల్ వెతికి చూస్తే చార్జింగుకు గంట చాలునని ఉంటుంది. అక్కడ 'పరస్పర విరుద్ధం' అని రాశాను. ఇరవై ఒకటో పేజీలో వాడు సుత్తితో గది తాళం పగలగొడతాడు.

మొదటి బహుమతి ఆ పుస్తకానికే అని ముగ్గురం ఒప్పుకున్నాం. ఒక్క షరతు పెట్టాం: పద్నాలుగునుంచి ఇరవై ఒకటి దాకా ఎనిమిది పేజీలు తీసేస్తేనే అచ్చు. నోటుబుక్కును ఎర్ర సిరాతో సహా వాళ్ళ బడికి పంపాం.

ఆ ఆదివారం పొద్దున్నే ఆ బొమ్మలు వేసిన పదో తరగతి పిల్ల నోటుబుక్కు పట్టుకుని బస్సెక్కి మా ఇంటికి వచ్చేసింది. మా ఆవిడ వరండాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నేను పేపరు చదువుతున్నాను.

"నమస్కారం మాస్టారు. ఆ మరమనిషి కథ నాదేనండి. ఆ ఎనిమిది పేజీలు తియ్యనండి. తియ్యాల్సిందే అంటే అచ్చే వద్దండి."

"కూర్చో ముందు. తప్పులున్నాయమ్మా."

"వాదిద్దామండి."

"నాతోనా?"

"మా బడికొచ్చి మీరే నేర్పారు కదండి. ఎదుటివాళ్ళ మాట ముందు మనం చెప్పాలి, వాళ్ళు ఔను అదే అనాలి, అప్పుడే ఖండించాలన్నారు. నా కథ మీరు చెప్పండి. నేను ఔనంటే అప్పుడు తప్పనండి."

నిజమే, నేను నేర్పిందే. పూర్వపక్షం చెప్పకుండా ఖండన మొదలుపెట్టేవాడు తన నీడతో కుస్తీ పడుతున్నట్టే అని బడి బడికీ తిరిగి చెప్పినవాణ్ణి. మా ఆవిడ చిక్కుళ్ళ గిన్నె ఇటు జరుపుకుని, "కానివ్వండి మరి, నేనూ వింటాను" అంది.

మొదలుపెట్టాను. పాఠం చెప్పిచెప్పి అలవాటైన గొంతు. "మరమనిషి పిల్లను నెలకు మూడు రోజులు పెరటి గదిలో ఉంచుతారు."

"ఔనండి."

"చాప వేరు. కంచం వేరు, గ్లాసు వేరు. అన్నం గుమ్మం దగ్గర పెట్టి వెనక్కి వెళ్ళిపోతారు. ఎవరూ తాకకూడదు. కుర్రాడు పొరపాటున తాకితే వాడికి స్నానం చేయిస్తారు."

"ఔనండి."

"దేవుడి గదివైపు చూడకూడదు. ఊరగాయ జాడీ..."

అక్కడ ఆగిపోయాను. మూడుసార్లు చదివి మార్జిన్లో రాతలు రాసినా తెలియనిది నా నోటితో నేనే పైకి చెప్పుకుంటే తెలిసింది. ఆ పిల్ల నా ముఖం వైపే చూస్తోంది. మా ఆవిడ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉంది.

"ఆగారేంటి? చెప్పండి. నాలుగో రోజు నీళ్ళు పోస్తారా, పొయ్యరా?" అంది మా ఆవిడ.

"పోస్తారు."

"ఏదీ, ఆ పుస్తకం ఇలా ఇయ్యమ్మా." తీసుకుని ఆ పేజీలో నా రాత చదివింది. "షార్ట్ సర్క్యూటా? మీ అమ్మగారు పోయేదాకా పదమూడేళ్ళు పోసుకున్నానండి. నాకెప్పుడూ షాక్ కొట్టలేదు."

ఆ పిల్ల నవ్వాపుకోవడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఇక్కడ ఒక సంగతి నేనే చెప్పాలి. ముట్టు పేరుతో ఆడవాళ్ళను విడిగా కూర్చోబెట్టే ఆచారం మీద నేను ఎన్ని సభల్లో మాట్లాడానో లెక్కలేదు. ఆ ఆచారం మా ఇంట్లో మా అమ్మ ఉన్నన్నాళ్ళూ నడిచింది. నడుస్తోందని నాకు తెలుసా అంటే, తెలుసు. వంట అమ్మ చేసిన రోజుల్లో పులుసు కాస్త ఘాటుగా ఉండేది. నాకు తెలిసింది అంత. ఆ గది లోపల చాప ఏ గోడ పక్కన వేసుకునేవారో, అక్కడ ఫ్యాను ఉందో లేదో తెలియదు. ఆ విషయం మీద గంటసేపు ఉపన్యసించగలిగిన నేను, దాన్ని ఎనిమిది పేజీల్లో బొమ్మ గీసి చేతిలో పెడితే బ్యాటరీ గురించి అడిగాను.

"ఖండన చెప్పండి మాస్టారు," అంది ఆ పిల్ల.

"ఖండన లేదు. మరి మాన్యువల్లో గంటే అని ఎందుకు పెట్టావు?"

"అసలు పుస్తకంలో మూడు రోజులని లేదనండి. ఎవరో తర్వాత చెప్పారనండి. కుర్రాడొక్కడే పుస్తకం తెరిచి చూస్తాడు. మిగతావాళ్ళు చూడరండి."

నేను 'పరస్పర విరుద్ధం' అని రాసింది దాని మీదే. కథ మొత్తంలో అసలైన సైన్సు ఆ పేజీలోనే ఉంది.

మిగతా ఇద్దరికీ అప్పుడే ఫోన్ చేశాను. జువాలజీ మాస్టారికి ఆ మూడు రోజులు ఏంటో చెప్పాను. "నేను చెప్పే పాఠమేనండి అది," అని ఆయన ఫోన్ పెట్టేశారు. ఇంజినీరుగారు మాత్రం దిగిరాలేదు.

"ఇళ్ళల్లో గొడవలు సైన్సు పోటీలోకి ఎందుకండి?"

"మీ ఇంట్లో ఉందా గొడవ?"

"ఉంటే మాత్రం?"

"అందుకే సైన్సు పోటీలోకి. కారణం ఏంటని అడగడమే కదండీ సైన్సు. బల్బు గురించి అడిగితే సైన్సూ, గది గురించి అడిగితే గొడవా?"

పది నిమిషాలు పట్టింది. చివరికి, "మీతో ఎవడు వాదిస్తాడండి, వెయ్యండి," అన్నాడు. ఒప్పుకున్నాడని నేను రాయను. తప్పుకున్నాడు. అచ్చుకు అది చాలు.

ఇక మిగిలింది ఇంటివాళ్ళ అనుమతి. పిల్ల మైనరు. మా పోటీకి ఒక ఫారం ఉంది, దాని మీద సంతకం కావాలి. వాళ్ళ నాన్న ఆ ఊరి గుళ్ళో అర్చకుడు. పుస్తకం అచ్చయితే ఊరంతా ఎవరి ఇల్లో గుర్తుపడుతుంది. నేను వెళ్ళి ఆయనతో మాట్లాడతానన్నాను. "వద్దండి, మీరొస్తే అసలే కాదండి," అని ఆ పిల్ల ఫారం తీసుకుని వెళ్ళింది.

రెండు వారాలకు తల్లీకూతుళ్ళు వచ్చారు. తల్లి వరండా అంచున కూర్చోబోతుంటే మా ఆవిడ చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

"వాళ్ళ నాన్నగారు సంతకం పెట్టనన్నారండి," అంది ఆవిడ. "అడ్డు రానన్నారు, తన చేత్తో మాత్రం పెట్టనన్నారు. నేను పెడదామంటే ఇందులో తల్లికి చోటు లేదండి."

ఫారం చూశాను. 'తండ్రి సంతకం' అని ఉంది, కింద గీత ఉంది. అంతే.

"ఈ ఫారం ఎవరు తయారు చేశారు?" అంది మా ఆవిడ, తెలియనట్టు.

"నేనే."

'తండ్రి' కొట్టేసి 'తల్లి' అని రాసి ఇచ్చాను. పెన్ను అందుకుని కూడా ఆవిడ వెంటనే పెట్టలేదు. "ముందు చదవాలి కదండి. ఇది నాకెప్పుడూ చూపించలేదు," అంది. ఆ పిల్ల నోటుబుక్కు కుడివైపునుంచి తెరిచి ఇచ్చి, వెళ్ళి స్తంభం పక్కన నిలబడింది. సంతకం లేకపోతే అచ్చు లేదు. నేను కల్పించుకోవడానికి ఏమీ లేని అరగంట అది. అలాంటి అరగంటలు నా జీవితంలో తక్కువ.

ఆవిడ ప్రతి గడీ మీద వేలు పెట్టి చదివింది. ఊరగాయ దగ్గర ముఖం మారలేదు. నీళ్ళ దగ్గర మారలేదు. ఇరవై ఒకటో పేజీ దగ్గర తల అడ్డంగా ఊపింది.

"ఇది తప్పు వేశావే."

"ఏదమ్మా?"

"తాళం. ఆ గదికి తాళం ఎక్కడిది? పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడైనా చూశావా?"

"కథ కదమ్మా. ఆ అబ్బాయి పగలగొట్టాలి కదా."

"వాడెందుకు పగలగొట్టడం? తలుపు దగ్గరగా వేసి ఉంటుంది, అంతే. నేనే వేసుకుంటాను. తోస్తే వచ్చేస్తుంది."

"మరి తొయ్యవెందుకు?" అంది పిల్ల. గట్టిగా అనలేదు.

ఆవిడ పేజీని కాస్త దూరంగా పట్టుకుని చూసింది. "తాళం వేస్తే అందరికీ అర్థమయ్యేదే. అది లేదు కాబట్టే కదా ఇన్నేళ్ళు. తాళం తీసెయ్యి."

నలభై ఏళ్ళ నా ఉపన్యాసాల్లో ప్రతిదాంట్లోనూ ఒక తాళం ఉంది. స్త్రీలను బంధించారు, సంకెళ్ళు వేశారు, తలుపులు మూశారు. లోపల కూర్చున్న మనిషి చెప్పిన ఈ ముక్క వాటిల్లో ఒక్కదాంట్లోనూ లేదు. తప్పులు పట్టడం నా వృత్తి అనుకుంటూ ఉన్నాను. ఆ పుస్తకంలో ఉన్న ఒకే ఒక్క తప్పును పట్టింది ఆవిడ.

"అయితే ఆ అబ్బాయి ఏం చేస్తాడమ్మా? ఊరికే నిలబడతాడా? సుత్తి బొమ్మకు నాకు వారం పట్టింది."

"మాన్యువలో ఏదో దొరికింది కదా వాడికి. గది బయట నిలబడి గట్టిగా చదవమను. తలుపు ఆ పిల్లే తోసుకుంటుంది."

ఆ పిల్ల ఒక నిమిషం గింజుకుంది. సుత్తి ఉంటేనే బాగుంటుందంది, చదవడం బొమ్మలో ఏం కనిపిస్తుందంది. తర్వాత నా బల్ల దగ్గర కూర్చుని తెల్లకాగితం అడిగింది.

ఆవిడ సంతకం పెట్టింది. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. మా ఆవిడ కాఫీ తెచ్చింది. అడగకూడదనుకుంటూనే అడిగాను. "ఇంట్లో మీ అత్తగారు చూస్తే ఏమంటారమ్మా?"

"ఆవిడ చదవరండి. బొమ్మలు చాలు ఆవిడకి, అర్థమైపోతుంది. అది నేను చూసుకుంటాను."

"వచ్చే నెల?"

"వచ్చే నెల సంగతి ఇప్పుడు మాటివ్వలేనండి. పుస్తకం మాత్రం వెయ్యండి."

వేశాం. ఎనిమిది పేజీలు తొమ్మిదయ్యాయి. తలుపు తోసే బొమ్మకు పూర్తి పేజీ కావాలని పట్టుబట్టింది ఆ పిల్ల.