ఎత్తుకునేవాడు లేని పాట

చొప్పదండి దగ్గరి ఊళ్లో ఉండే అంబదాస్‌కు రాని భజన పాట లేదు. మొదలుపెట్టడం వచ్చిన పాట మాత్రం ఒక్కటీ లేదు. నలభై ఏళ్లు పద్మశాలీల భజన మందిరంలో ప్రతి శనివారం వంత పాడిన మనిషి అతను. ముందు పాట ఎత్తుకునేవాడు బాలమల్లు. ఆయన నోట తొలి మాట పడితే చాలు, అంబదాస్ గొంతు అందుకునేది. పగలంతా మరమగ్గాల మోతలో అరిచి అరిచి పెరిగిన గొంతు, ఊరి చివరిదాకా వినబడేది.

"ఇంట్ల గూడ గంతే. నేనంటె తను అంటడు, ముంగల ఒక్క మాట రాదు" అని భార్య శంకరవ్వ ఆటపట్టించేది.

నిరుడు బాలమల్లు పోయాడు. భజన మనుషుల్లో ఇద్దరు మగ్గాల పనికి భివండీ వెళ్లారు, ఒకరికి మోకాళ్లు పట్టేశాయి, మిగిలినవాళ్లకు టీవీలో వచ్చే భజనే చాలు. వరుసగా మూడు శనివారాలు భజన జరగకపోతే మందిరాన్ని నీళ్ల ప్లాంటుకు ఇచ్చేయాలని కుల సంఘం తీర్మానించింది. ఒక్కడు పాడితే అది భజన కాదు. ఎత్తుకునేవాడొకడు, అందుకునేవాడొకడు ఉండాలన్నది పెద్దలు పెట్టిన కట్టుబాటు. రెండు శనివారాలు అట్లాగే గడిచిపోయాయి.

మూడో శనివారం పొద్దు గూకేసరికి అంబదాస్ మందిరం ఊడ్చి, జంబుఖానా పరిచి, దీపం పెట్టాడు. బాలమల్లు కంచు తాళాలను ఆయన కూర్చునే చోటే ఉంచాడు. ఒక్కరూ రాలేదు. వస్తామని ఎవరన్నారు గనక? ఆశకు సిగ్గు లేదు, అంతే.

తానే ఎత్తుకుందామని నోరు తెరిచాడు. వేలసార్లు పాడిన పాటే, తొలి మాట గొంతు దాటలేదు. ఇంతకాలం పాడింది తాను కాదా, తనలో సొంత పాటే లేదా అని గుబులు పుట్టింది.

చివరికి ఆ తాళాలు చేతికి తీసుకుని, బాలమల్లు పాడేంతసేపు వాయిస్తూ ఊరుకున్నాడు. ఆ తర్వాత తన వంత పాడాడు. మళ్లీ ఊరుకున్నాడు, మళ్లీ పాడాడు.

మందిరం తాళంచెవి తీసుకుపోదామని వచ్చిన సంఘం అధ్యక్షుడు నాగరాజు గడపలోనే నిలబడిపోయాడు. బాలమల్లు కొడుకే అతను.

"గిదేంది కాకా, నడుమ నడుమ ఆగుతున్నవ్?"

"గది మీ బాపు పాడేది, కొడుకా. జర నువ్వు ఎత్తుకో. ఇద్దరమైతె భజనే."

నాగరాజు తల దించుకున్నాడు. "నాకు రాదు కాకా. చిన్నప్పుడు గీ జంబుఖానా మీదనే పండుకున్న. ఒక్క ముక్క పట్టుకోలే."

అంబదాస్‌కు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. దీపాన్ని కొండెక్కించి, తలుపు వేసి, తాళంచెవి అతని చేతిలో పెట్టాడు. కంచు తాళాలూ ఇచ్చాడు. "గివి మీ బాపువి. తీస్కపో."

నాగరాజు వాటిని బండి హ్యాండిల్‌కు తగిలించుకుని కదిలాడు. గతుకుల రోడ్డు మీద బండి ఎగిరినప్పుడల్లా తాళాలు మోగాయి. ఆ చప్పుడు చెవిన పడగానే, మూసిన తలుపు ముందు నిలబడ్డ అంబదాస్ నోరు దానంతటదే తెరుచుకుంది. గొంతెత్తి వంత అందుకున్నాడు.

బండి మలుపు తిరిగింది. చప్పుడు ఆగిపోయింది. అంబదాస్ కూడా ఆగి, మళ్లీ ఎత్తుకునే తొలి మాట కోసం ఎదురుచూశాడు.