నిదానం అన్న నీళ్ళ బండి

ఇంకా తెల్లారలేదు. ఎండాకాలం, గాలన్నది లేదు. సూర్యుడు రాకముందే చొక్కా వీపుకి అంటుకుపోయింది. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. బోరు దగ్గర గోడకి ఆనుకుని నీళ్ళ ట్యాంకర్ కోసం చూస్తున్నాను. ట్యాంకర్ మీద క్లీనర్ పనికి అది నా మొదటి రోజు. అంతకుముందు మూటలు మోసేవాణ్ణి. నడుము ఇక చాలంది.

ముందు రొద వినపడింది. రొద వినపడిన చాలాసేపటికి గానీ బండి కనపడలేదు. డ్రైవర్ దిగాడు. నాకంటే ఓ పదేళ్ళు పెద్ద. నా మొహంలో ఏం చూశాడో, పేరైనా అడక్కుండా జేబులోంచి కాగితంలో చుట్టిన రొట్టె తీసి రెండుగా విరిచి, పెద్ద ముక్క నాకిచ్చాడు.

"తిను తమ్ముడూ. ఖాళీ కడుపుతో గొట్టం పట్టుకుంటే నువ్వు దాన్ని లాగవు, అదే నిన్ను లాక్కుపోతుంది."

ఆయన్ని అందరూ నిదానం అనేవాళ్ళు. బండి నడిపినా, మాట్లాడినా, ఆఖరికి తుమ్మినా నిదానమే. "ఆయన గేరు మార్చేలోపు మనం ఓ కునుకు తీసి లేవచ్చు" అని మా పని చోట గేటు దగ్గర వాచ్‌మన్ నవ్వేవాడు. నేను మాత్రం అన్న అన్నాను.

మా పని అడవిలో. అడవంటే ఎక్కడో కాదు, ఊరి నడిమధ్యలోనే. చుట్టూ ఇనుప కంచె, కంచె అవతల ఎటు చూసినా మేడలు. పొద్దున్నే జనం బూట్లేసుకుని నడవడానికి వస్తారు. కొందరి మెడలో దుర్భిణీలు కూడా ఉంటాయి. లోపల జింకలు, కుందేళ్ళు, ముళ్ళపందులు, ఎన్నో రకాల పిట్టలు. ఎండలకి కుంట ఎండిపోతే వాటికి గుక్కెడు నీళ్ళుండవు. అందుకని చెట్ల మధ్య నేలలోకి సిమెంటు తొట్లు కట్టారు. అన్న బండి ఆపి పంపు వేస్తాడు. నేను గొట్టం లాక్కెళ్ళి తొట్టిలో పెడతాను. తొట్టి నిండితే ఇంకో తొట్టి.

ఆ పంపు రొద ఒక్కసారి వింటే మర్చిపోరు. ముసలాయన దగ్గులా మొదలై, రేకుల మీద రాళ్ళు కుమ్మరించినట్టు అయ్యేది. దారి పొడుగునా 'నిశ్శబ్దం పాటించండి' అని బోర్డులు. వాటి పక్కన మేము. నడవడానికి వచ్చినవాళ్ళకి కోపం రాదా మరి?

"ఏమయ్యా, ఈ చప్పుడుకి జంతువులన్నీ పారిపోవూ? మేం పొద్దున్నే లేచి వచ్చేది మీ పంపు చూడ్డానికా?" అనేవాడు ఒక పెద్దమనిషి, రోజూ.

"అయిపోయింది సార్, రెండు నిమిషాలు" అని అన్న దణ్ణం పెట్టేవాడు. ఆయన దాటిపోయాక నాతో, "అన్నదాంట్లో తప్పేముందిలే. వాటికి మాత్రం చెవులు లేవా పాపం" అనేవాడు.

కానీ తొట్టి సగం నిండేసరికి పొదల వెనక జింకల చెవులు కనపడేవి. ఒకటి వచ్చేది, దాని వెనక ఇంకో రెండు. "నీళ్ళ వాసనరా. రొదకి భయమే, కానీ దాహం ఆగనివ్వదు కదా" అనేవాడు అన్న. నేనూ అంతే అనుకున్నాను.

సాయంత్రం బండి వాళ్ళ వీధి చివర పెట్టేవాళ్ళం. "రా, టీ తాగి పోదువుగాని" అని నన్ను పైకి తీసుకెళ్ళేవాడు. మూడో అంతస్తులో ఒకటే గది. ఇరుకు మెట్లు, ఎదురుగా ఎవరైనా వస్తే ఒకళ్ళు గోడకి అతుక్కోవాలి. కిటికీ పక్క మంచం మీద వదిన కూర్చుని చొక్కాలకి గుండీలు కుడుతుండేది. మేం తలుపు తోసేసరికి స్టవ్ మీద టీ మరుగుతుండేది.

"ఇవాళ ఎంతమంది వచ్చారు మీ చుట్టాలు?" అని అడిగేది.

"ఆరేడొచ్చాయే. ఒక తల్లి, దాని పిల్ల. ఆ పిల్ల తొట్టి గట్టు మీద కాలు జారి…"

"విన్నావా మరిదీ? నిన్న నాలుగు, ఇవాళ ఏడు, రేపు మంద. ఈయన జింకలు అడవిలో కాదు, ఈయన నోట్లో ఈనుతాయి."

"నేనూ చూశాను వదినా."

"దొంగకి దొంగ సాక్ష్యం. ఆ డొక్కు బండిని చూస్తే మనుషులే పక్కకి తప్పుకుంటారు, జింకలు ఎదురొచ్చాయా?"

అన్న నవ్వుతూ టీ ఊదుకునేవాడు. కానీ ఆ నవ్వు కింద ఏముందో నాకు ఒకరోజు బోరు దగ్గర చెప్పాడు. రెండేళ్ళ కింద వదిన ఆ మెట్ల మీదే జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఎముక అతుక్కుంది, కర్ర పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతుంది. గడప దాకా వస్తుంది. మెట్లు కనపడగానే భయపడి వెనక్కి పోతుంది. పడ్డ రోజు నుంచి కిందికి దిగలేదు.

"వాళ్ళ చెల్లెలు ఒక్కతే ఉంటుంది. నేల మీద ఇల్లు, ముందు వాకిలి, నాలుగు మొక్కలు. ఇద్దరూ వచ్చెయ్యండి అని ఎన్నాళ్ళనుంచో పిలుస్తోంది. ఇది కదిలితే కదా! ఒక్కసారి దిగితే చాలు తమ్ముడూ, ఆ భయం వదుల్తుంది. లేకపోతే ఆ కిటికీ పక్కనే ముసలిదైపోతుంది."

"చెప్పి చూడన్నా."

"చెప్పీ చెప్పీ నా నోరు అరిగింది. మాటలకి దిగదు. జింకల్ని చూపిస్తానని చెప్తా."

ఆ సాయంత్రమే చెప్పాడు. వదిన సూది చొక్కాకి గుచ్చి పక్కన పెట్టింది.

"సరే. నీ అబద్ధం బయటపెట్టడానికైనా వస్తాను. కానీ ఒకటి. అవి రాలేదనుకో, మళ్ళీ జన్మలో నన్ను గడప దాటమని అడక్కూడదు."

"అడగను" అన్నాడు అన్న. టీ సగం తాగి గ్లాసు కింద పెట్టేశాడు.

మూడు రోజుల తర్వాత చీకటితోనే వాళ్ళింటికి వెళ్ళాను. ఎవరూ చూడకూడదని వదిన షరతు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ముందు అన్న, వెనక నేను పట్టుకుని మెట్లు దిగాం.

"మరిదీ, మూటలు మోసిన చెయ్యేగా? నన్నూ మూటే అనుకో, కానీ విసిరెయ్యకు."

"మూటలు ఇంత మాట్లాడవు వదినా."

రెండో మలుపు దగ్గర "ఆపండి" అంది. కుర్చీ మెట్టు మీద ఆనించి నిలబడ్డాం. కింది మెట్టు వైపు చూస్తూ ఉండిపోయింది. పడింది అక్కడే. అన్న మెడ మీద చెమట కారుతోంది, తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. వదిన తన కొంగు అందుకుని తుడిచింది. "పదండి" అంది.

గేటు దగ్గర వాచ్‌మన్ కేబిన్లోకి టార్చి వేశాడు. చూడ్డానికి వచ్చేవాళ్ళు నడిచే వెళ్ళాలి, పనివాళ్ళని తప్ప బండ్ల మీద ఎవర్నీ పంపకూడదు. నేను వెనక ట్యాంకు నిచ్చెన పట్టుకుని వేలాడుతూ, అయిపోయింది మన పని అనుకున్నాను.

"ఎవరీమె?"

"కొత్త క్లీనర్‌ని. పాతవాడు తిండెక్కువ, పని తక్కువ" అంది వదిన.

వాచ్‌మన్ నావైపు చూసి, ఆమె ఒళ్ళోని కర్ర చూసి, టార్చి ఆర్పేశాడు. "జాగ్రత్త క్లీనరమ్మా, దారి గతుకులు" అని గేటు తీశాడు.

తెల్లారుతుంటే పెద్ద తొట్టి దగ్గరికి చేరాం. అన్న బండిని మామూలుగా ఆపేచోట ఆపలేదు. పై గట్టున, ఎప్పుడూ ఆపని చోట ఆపి, ఇంజను కట్టేశాడు.

"ఇవాళ పంపు వద్దు. వాల్వు తిప్పు, నీళ్ళు వాటంతటవే దిగుతాయి. చప్పుడు చెయ్యకుండా ఉంటే బోలెడు వస్తాయి" అని నా చెవిలో అన్నాడు. వాళ్ళావిడ ముందు ఆ రొద వెయ్యడం ఆయనకి నామోషీ అయింది. ఇన్నాళ్ళూ అందరూ తిట్టిన తిట్లు ఆయనకి బాగా తలకెక్కాయి.

నీళ్ళు సన్నగా దిగాయి. మేం గాలి కూడా గట్టిగా పీల్చలేదు. తొట్టి నిండింది. ఒక కాకి వచ్చింది. రెండు గోరింకలు వచ్చి స్నానం చేసి పోయాయి. ఎండ చెట్ల సందుల్లోంచి కిందికి దిగింది. పొదల్లో ఒక్క చెవి లేదు.

"మీ చుట్టాలకి ఇవాళ వేరే పెళ్ళి ఉన్నట్టుంది" అంది వదిన మెల్లగా. కానీ నవ్వలేదు. అన్న స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని ముందుకి చూస్తున్నాడు. ఆయన మొహం నేను చూడలేకపోయాను.

చివరికి వదినే అడిగింది. "రోజూ ఇలాగే ఆపుతావా?"

"లేదే. పంపు వేస్తాం. ఆ రొదకి పారిపోతాయని ఇవాళ వెయ్యలేదు."

"నువ్వొస్తున్నావని నాకు రోజూ ఎలా తెలుస్తుందనుకున్నావు? వీధి చివర ఈ డొక్కుది అరవగానే టీ పెడతాను. అది అరవకపోతే నువ్వు రానట్టే. వాటికీ అంతేనేమో! వెయ్యి ఆ పంపు."

"పారిపోతాయే!"

"ఇన్నేళ్ళూ విన్నాను, నేను పారిపోయానా?"

అన్న దిగి పంపు వేసి, మళ్ళీ వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. అడవంతా ఆ దగ్గు మొదలైంది. నిండిన తొట్టిలో గొట్టం పెట్టి నిలబడ్డాను, నీళ్ళు పొర్లి నా కాళ్ళ మీదికి వస్తున్నాయి. ముందు ఒక కొమ్ములది వచ్చింది. తర్వాత తల్లి, దాని పక్కన పిల్ల. ఆ వెనక పొదలే నడిచొస్తున్నాయా అన్నట్టు వచ్చాయి. రొద వాటిని ఏమీ చెయ్యలేదు. మమ్మల్ని ఒకసారి చూసి, తలలు వంచి తాగాయి.

అన్న ఎన్నో ఎండాకాలాలుగా, నేను ఈ ఎండాకాలమంతా ఆ పంపు పక్కనే నిలబడి చూసినవాళ్ళం. ఒక్కసారీ మాకు తట్టలేదు.

"చూశావా, అబద్ధం కాదు…" అని అన్న మొదలుపెట్టాడు.

"ఊరుకో. తాగనియ్యి" అంది వదిన. కిటికీ అంచు వదిలేసి ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. తిరిగి ఇంటికొచ్చేదాకా వదల్లేదు.

ఆ తర్వాత వారం మళ్ళీ వస్తానంది. ఆపై వారమూ. కుర్చీలో మోస్తుంటే "మలుపు దాకా నేనే దిగుతాను, నువ్వు ముందుండు" అని ఒకరోజు గోడ పట్టుకుని నాలుగు మెట్లు దిగింది. అన్న వెనక్కి వెనక్కి నడుస్తూ, చంటిపిల్లకి నడక నేర్పేవాడిలా చేతులు చాపాడు. "అలా చూడకు, నాకు నవ్వొస్తే పడతాను" అని ఆమె కసిరింది. నాకు ఎంత సంతోషమైందో! దింపాలి, దింపాలి అనే అనుకున్నాను. దిగాక ఏమవుతుందో నేను ఆలోచించలేదు.

వానలు పడ్డాయి. కుంటలోకి నీళ్ళొచ్చాయి, ట్యాంకర్ పని తగ్గింది. ఒక పొద్దున బోరు దగ్గరికి వేరే డ్రైవర్ వచ్చాడు. "ఆయన నిన్న బండి తాళాలు అప్పజెప్పాడు" అన్నాడు. అంతే. నేను పని వదిలేసి వాళ్ళ వీధికి వెళ్ళాను. పైన తలుపుకి ఇంటి ఓనరు తాళం ఉంది.

మెట్ల కింద ఇస్త్రీ చేసే ఆవిడ నన్ను చూసి బొగ్గులు కదుపుతూ చెప్పింది. "పొద్దున్నే వెళ్ళిపోయారయ్యా, వాళ్ళ చెల్లెలింటికి. మోస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు. మెట్టు మెట్టుకీ కూర్చుని, కూర్చుని, తనే దిగింది. ఆయన ముందు. ఎంతసేపు పట్టిందో! కింద నేల మీద కాలు పెట్టి ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని ఒకటే నవ్వు."

నేను తల ఊపాను. వెళ్ళేరోజు కుర్చీ పట్టడానికి నన్ను పిలుస్తారనుకున్నాను. పిలవాల్సిన అవసరం రాలేదు.

"అదేంటి, నీకు చెప్పలేదా?" అంది ఆవిడ, పెట్టె పక్కన పెట్టి.

"చెప్పాడు" అన్నాను. "ఏ బస్సుకి వెళ్తారో తెలీక, ఆలస్యమైంది."