ఇటలీ బండికి నా చెవులు

మా బావకు చెవులు పోతున్నాయని ఆయనకంటే ముందు, నాకంటే ముందు, ఆ బండికి తెలిసింది. బావ అంటే నా మొగుడే, మా మేనత్త కొడుకు. పెళ్లయ్యాక "ఏమండీ" అని పిలవమని అత్త చెప్పి చూసింది గానీ నా నోరు తిరగలేదు. చిన్నప్పటి నుంచి కొట్లాడిన మనిషిని తాళి కట్టగానే గౌరవించడం నా వల్ల కాలేదు.

బావ నాచారంలో ఒక ఫ్యాక్టరీలో ప్రెస్ షాపులో పనిచేసేవాడు. పెద్ద పెద్ద మిషన్లు ఇనుప రేకుల మీద దిగి వాటిని గిన్నెల్లా, మూతల్లా ఒత్తేస్తాయి. నేను ఒక్కసారి అన్నం డబ్బా ఇవ్వడానికి లోపలికి వెళ్లాను. దెబ్బ పడిన ప్రతిసారీ చేతిలో డబ్బా మూత అదిరింది. పనివాళ్లందరూ చెవుల్లో దూది పెట్టుకున్నారు, బావ తప్ప. ఇంటికొచ్చాక అడిగితే, "చెవులు మూసుకుంటే మిషన్ ఏమంటుందో ఎట్ల ఎరుకైతది? అది ఖరాబయ్యే ముందుగాల చెప్తది. ఇనాలె" అన్నాడు.

ఆ ఫ్యాక్టరీ యజమాని కొడుకు ఒకప్పుడు ఇటలీ నుంచి తెప్పించుకున్న రేసు మోటార్‌సైకిల్ ఒకటి ఉండేది. ఘట్‌కేసర్ రోడ్డు మీద దాన్ని పడేసి కాలు విరగ్గొట్టుకున్నాడు. తర్వాత అది షెడ్డులో తుక్కు పక్కన టార్పాలిన్ కింద ఏళ్ల తరబడి పడి ఉంది. దాన్ని చూస్తేనే తండ్రికి ఒళ్లు మండేది. ఒకరోజు బావను పిలిచి కాగితాలతో సహా ఇచ్చి, నా కళ్ల ముందు నుంచి తీసుకుపో అన్నాడట. ట్రాలీ ఆటోలో వచ్చి మా రెండు గదుల అద్దె ఇంటి ముందు దిగింది. ఎర్రగా ఉంది, ఒక పక్కంతా గీసుకుపోయి ఉంది. ట్యాంకులో ఎలుకలు కాపురం పెట్టలేదన్నమాటే గానీ మిగతా అన్నిచోట్లా పెట్టాయి.

రెండేళ్ల ఆదివారాలు దానికే పోయాయి. నాకు సినిమా లేదు, మా చెల్లె ఇల్లు లేదు. గొలుసును తిప్పే ముందు పళ్లచక్రం తీసి ఒక పన్ను తక్కువది బిగించాడు, మన ట్రాఫిక్‌లో మెల్లగా నడవాలని. ఇంజను కాగిపోకుండా ఫ్యాను పెట్టాడు. ఆ కొడుకు కోసి పారేసిన సైలెన్సర్ బదులు ఫ్యాక్టరీ రేకుతో తనే ఒకటి చేశాడు. విడిభాగాలు దొరికేవి కావు. దొరకనిదల్లా చేసుకునేవాడు.

మామూలు బండ్లలో ఇంజనులోకి గాలి వచ్చిపోయే వాల్వును ఒక మీట తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది. ఇందులో స్ప్రింగు పని కూడా ఇంకో మీటే చేస్తుందట. ఆ మీటల దగ్గర వెంట్రుకంత సందు ఉండాలి. ఎక్కువైతే టకటకలాడుతుంది, తక్కువైతే పట్టేస్తుంది. సందు సరిచేయడానికి చిన్న ఉక్కు బిళ్లలుంటాయి. బావ గాజు పలక మీద ఎమెరీ కాగితం పరిచి, నూనె చుక్క వేసి, బిళ్లను వేలికొస కింద పెట్టి అరగదీసేవాడు. బిగించాక పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు. మా పెళ్లప్పుడు కూడా అంత శ్రద్ధగా లేడని వెక్కిరించేదాన్ని.

దాని గోల అంతా ఇంతా కాదు. క్లచ్ దగ్గర స్టీలు గిన్నెలో గులకరాళ్లు వేసి ఊపినట్టు ఒకటే గలగల. పైనుంచి ఇంటి ఓనరమ్మ, "మీ బావ రైసుమిల్లు పెట్టిండా ఏంది?" అనేది. ఆ గలగల దాని రోగం కాదని, దాని పుట్టుకే అంతని బావ అందరికీ చెప్పి చెప్పి అలిసిపోయాడు.

అలాంటి మనిషి ఒక ఆదివారం నన్ను చేయి పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చాడు. బండి నడుస్తోంది. బావ ముఖం వెలిగిపోతోంది.

"సూడవే, ఎంత సల్లగ నడుస్తుందో! గలగల సగం పోయింది. ఇన్నేండ్లకు చేతికొచ్చింది."

నాకేమో ఎప్పటి గోలే వినపడుతోంది. ఇంకా కొంచెం ఎక్కువే. వేళాకోళం ఆడుతున్నాడనుకున్నాను. "సల్లగనా? పైనుంచి ఓనరమ్మ కిటికీలు మూసుకుంటుంది సూడు" అన్నాను. ఆయన నా వైపు చూసి నవ్వి, ఆడవాళ్లకేం తెలుసు అన్నట్టు తల ఊపాడు. నేనూ లోపలికి వెళ్లిపోయాను. అప్పటికే కుక్కరు విజిళ్లు ఎన్ని వచ్చాయో అడిగితే తప్పు చెప్పేవాడు, ఫోను పక్కనే మోగుతున్నా ఎత్తేవాడు కాదు. బద్ధకం అనుకుని తిట్టేదాన్ని. మొగుడు పలకకపోతే ఏ పెళ్లామైనా ముందు బద్ధకమనే అనుకుంటుంది.

తెలంగాణ కోసం బంద్‌లు జరుగుతున్న రోజులవి. బంద్ అంటే ఫ్యాక్టరీకి సెలవు, ఉప్పల్ రోడ్డు ఖాళీ. బావకు పండగే. అలాంటి ఒక రోజు నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఘట్‌కేసర్ దాటి మా చిన్నమ్మ ఇంటికి తీసుకెళ్లాడు. ఆ బండి వెనక కూర్చోవడమంటే చెట్టు కొమ్మ మీద కూర్చోవడమే, పట్టుకోవడానికి బావ తప్ప ఇంకేం ఉండదు. కొన్నాళ్లుగా నాకు ఆ ఇంజనులోంచి సన్నగా ఒక ఈల వినపడుతోంది. ముందూ చెప్పాను. ఆ రోజు బయలుదేరేటప్పుడు మళ్లీ చెప్పాను.

"లోపల ఏదో కూస్తుంది బావా. సన్నగ."

"గాలికి హెల్మెట్ల అట్లనే ఈల ఏస్తది."

"బండి ఆగి ఉన్నప్పుడు గాలేడిది?"

"నాకు ఇనపడంది నీకు ఇనపడుతుందా? ఎక్కు."

తిరుగు ప్రయాణంలో నారపల్లి దగ్గర ఆ ఈల అరుపైంది. పసిపిల్ల గుక్కపెట్టినట్టు. నేను బావ వీపు మీద రెండు చేతులా కొట్టాను. వేగానికి భయపడుతున్నానని అనుకున్నాడేమో, నా మోకాలి మీద తట్టి ధైర్యం చెప్పాడు. టప్ మని ఒక్క చప్పుడు, అంతే. ఇంజను చచ్చిపోయింది. బంద్ కదా, ఆటో లేదు, ట్రాలీ లేదు. ఉప్పల్ దాకా, అక్కడి నుంచి నాచారం దాకా ఇద్దరం తోసుకుంటూ వచ్చాం. దారి పొడవునా నేను సణుగుతూనే ఉన్నాను. బావ ఒక్కదానికీ బదులు చెప్పలేదు. కోపంగా ఉన్నాడనుకున్నాను. వినపడి ఉండదని ఇప్పుడు అనిపిస్తుంది.

మర్నాడు వాకిట్లో ఇంజను విప్పాడు. అందులో వాల్వులను నడిపే రబ్బరు బెల్టులుంటాయి. అవి తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులను గుద్దుతాయి. బెల్టును బిగువుగా పట్టే చిన్న చక్రం లోపల బేరింగు మాడి నీలం రంగుకు తిరిగింది. బెల్టు పీలికలైంది. వాల్వులు వంకరపోయాయి. బావ ఆ బేరింగును అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. మిషన్లలో ఇలాంటి బేరింగులతోనే ఆయన బతుకంతా గడిచింది. బేరింగు ఒక్కరోజులో చావదని, వారాల తరబడి ఏడ్చి ఏడ్చి చస్తుందని ఆయనకు తెలియంది కాదు.

"నీకు ఎప్పటి సంది ఇనపడుతుంది?" అన్నాడు.

"బోనాల అప్పటి నుంచి."

అప్పటికి దసరా దాటింది. బావ ఆ బేరింగును గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. లేచి లోపలికి వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను గడపలో నిలబడి, గొంతు మామూలుగానే పెట్టి, "బావా, చాయ్ పెట్టనా?" అన్నాను. కదల్లేదు. ఇంకోసారి అన్నాను. కదల్లేదు. భుజం తట్టాక గానీ ఇటు తిరగలేదు.

తార్నాకలో దవాఖానాకు తీసుకెళ్లాను. గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. బావ నొక్కడం మానేసి గాజులోంచి నా ముఖం చూస్తున్నాడు, నాకేమన్నా వినపడి కళ్లు కదులుతాయేమోనని. కాపీ కొట్టే పిల్లాడిలా. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. డాక్టరు చెప్పింది చిన్న మాటే. సన్నని చప్పుళ్లు పూర్తిగా పోయాయి, ప్రెస్ షాపు తినేసింది, పోయింది రాదు, ఉన్నదీ తగ్గుతూ పోతుంది. చెవిలో పెట్టుకునే మిషను ఇచ్చారు. అది పెట్టుకుంటే చెమ్చా కింద పడ్డా ఉలిక్కిపడి, తల పట్టుకుని, తీసి డబ్బాలో వేసేవాడు. ఫ్యాక్టరీలో స్టోర్స్‌కు మార్చారు. చాయ్ దగ్గర దోస్తులు ఒకటి అడిగితే ఇంకోటి చెప్పేవాడట. వాళ్లు నవ్వారట. ఆ తర్వాత చాయ్‌కి వెళ్లడం మానేశాడు.

ఇంట్లో మాటలన్నీ అరుపులయ్యాయి. ఉప్పు తెమ్మని అరవొచ్చు. కరెంటు బిల్లు వచ్చిందని అరవొచ్చు. రాత్రి నిద్ర పట్టక ఒకరికొకరు చెప్పుకునేవి అరిస్తే ఎట్లా? పైన ఓనరమ్మ వింటుంది. గట్టిగా అంటే ప్రేమ కూడా తగువులాగే ఉంటుంది. అలా మెల్లగా చెప్పుకునేవన్నీ మా మధ్య నుంచి పోయాయి. నాకు చాలా బాధగా ఉండేది. బావకూ ఉండే ఉంటుంది, అడగలేదు, అడగాలంటే అరవాలి.

బండి మాత్రం వదల్లేదు. అమ్మేయమన్నాను. "పానం పోయినదాన్ని ఎవడు కొంటడు?" అన్నాడు. బెంగుళూరు నుంచి పాత వాల్వులు తెప్పించాడు, బెల్టులు తెప్పించాడు. ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాలు లేచిన కాలమంతా మా వాకిట్లో ఆ ఇంజను లేచింది. చివరికి మోగింది. బావ స్క్రూడ్రైవర్ చెవికి ఆనించాడు, ఎప్పటిలాగే కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి తెరిచి, దాన్ని నా చేతికిచ్చాడు.

"నువ్వు ఇను. ఎట్లున్నదో చెప్పు."

నాకేం వచ్చు? నాకు వచ్చిన మాటలే చెప్పాను. "పోపుల ఆవాలు చిటపటలాడినట్టు" అని ఆయన ముఖం ముందు నోరు విప్పి విప్పి అన్నాను. బావ ఆలోచించాడు. విప్పాడు. బిళ్ల అరగదీశాడు. ఇంజను చల్లారాక బిగించాడు. "ఇప్పుడు?" "పెనం మీద గరిటె గీకినట్టు." ఆదివారం తర్వాత ఆదివారం అదే పని. ఆవాలంటే ఏ సందు ఎక్కువో, గరిటంటే ఏ సందు తక్కువో ఆయనకు అర్థమైపోయింది. నిజం చెప్తున్నాను, పెళ్లయినప్పటి నుంచి మా బావ నన్ను ఏదైనా అన్నిసార్లు అడగడం, నేను చెప్పింది అంత జాగ్రత్తగా చూడడం అదే మొదలు. వారమంతా ఆదివారం కోసం చూసేదాన్ని.

ఒకసారి ఎండలో ఆయన అవస్థ చూడలేక, ఇంకా కొంచెం ఆవాలున్నా, "మంచిగనే ఉంది బావా" అన్నాను. నా ముఖం చూసి స్పానర్ కింద పెట్టాడు.

"జాలితోని చెప్పకు. నాకు చెవులు లేవు గని కండ్లున్నయ్. నీ నోరు ఏమన్నా అననీ, నేను నీ మొఖమే నమ్ముత" అన్నాడు. ఇంకెప్పుడూ అబద్ధం చెప్పలేదు.

రాష్ట్రం వచ్చిన వారం అది. ఉప్పల్‌లో రంగులు చల్లుకున్న మరకలు ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి. ఆ ఆదివారం పొద్దున బావ కొత్తగా అరగదీసిన బిళ్ల బిగించి, బండి మోగించి, స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చి, ఎదురుగా గొంతుకూర్చున్నాడు. నేను విన్నాను. ఆవాలు లేవు. గరిటె లేదు. ఇంకో పక్కకు ఆనించి విన్నాను. రెండు సిలిండర్లూ ఒకదాని మాటకు ఇంకోటి అడ్డురాకుండా, మెత్తగా, నిండుగా నడుస్తున్నాయి. క్లచ్ గలగల ఉంది, అది దాని పుట్టుక. లోపల మాత్రం ఒక్క దోషం లేదు. బావ ఇన్నేళ్లు కళ్లు మూసుకుని వినాలనుకున్నది ఇదే. అది నా చెవిలో ఉంది, ఆయన చెవిలో లేదు. ఇక నన్ను అడగడానికీ ఏం మిగల్లేదు. ఆపుకుందామన్నా ఆగలేదు, కళ్లలోంచి నీళ్లు జలజలా కారిపోయాయి.

"మంచిగైంది బావా" అన్నాను. "మస్తుగైంది. ఒట్టు."

బావ నా నోటి వైపు చూడలేదు. నా ముఖం చూశాడు. ఆయన ముఖంలో వెలుగు మెల్లగా తగ్గిపోయింది. చేయి చాచి తాళం చెవి తిప్పి ఇంజను ఆపేశాడు.

"ఏడ్వకు. ఇంక జర ఉన్నట్టుంది" అన్నాడు.

తల అడ్డంగా ఊపాను. ఒట్టు అని మళ్లీ అరిచాను. అప్పటికే ఆయన వంగి, స్పానర్ అందుకుని, మూత బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు.