రెండు రోజులు ఆగిన రొట్టె

మేడమీద తెల్లగుడ్డ పరిచి, మొలకెత్తిన చోళ్ళు ఆరబోసి వచ్చాను. రాగులంటేనే ఇక్కడివాళ్ళకు తెలుస్తుంది. ఎండ తగిలేసరికి పచ్చిపాలూ తడిమట్టీ కలిసినట్టు ఒక కమ్మటి వాసన మెట్లదాకా దిగివచ్చింది. దానితోపాటే చిన్నప్పుడు కొత్తపేటలో మా పక్కింట్లో ఉండే భాస్కరమ్మ పిన్నిగారూ జ్ఞాపకానికి వచ్చేసింది.

ఆవిడ భర్త గుళ్ళో ప్రసాదాలు వండేవారు. నలుగురు పిల్లలు, చాలీచాలని బియ్యం. అయినా ఆ ఇంట్లో చిరుతిండి లేని సాయంత్రం నేనెరగను. కొబ్బరిపాలు పిండగా మిగిలిన పిప్పి బెల్లంలో పడి ఉండలయ్యేది. పనసగింజలు నిప్పుల్లో కాలేవి. పాలగిన్నె అడుగున అంటుకున్న గోకుడు కోసం పిల్లలు వంతులు వేసుకునేవారు. నాకూ ఒక వంతు ఉండేది.

డెబ్బైల నడిమి రోజులవి. ఎనిమిదో తరగతితో నా బడి ఆగింది. ఆ తరవాత నా చదువంతా వీధి చివరి గ్రంథాలయంలోనే. గ్రహాల గురించి, సబ్బుల తయారీ గురించి, పట్టుపురుగుల గురించి, ఏది దొరికితే అది చదివేదాన్ని. ఎవరూ అడగకపోయినా అందరికీ చెప్పేదాన్ని కూడా. మా నాన్నగారు వేదపాఠం చెప్పేవారు. ఆయనకు ఇది నచ్చలేదు. ఒకరోజు నా చేతిలో వంటల పుస్తకం చూసి, "ఇంతకాలం చదివేవు కదా, ఇంట్లోకి ఒక్కటైనా పనికొచ్చిందా? ఈ పుస్తకం ఇచ్చెయ్యడంతో సరి. మరింక వెళ్ళకు" అన్నారు.

ఏడుస్తూ గోడ దాటి పిన్నిగారి దగ్గరికి పరుగెత్తాను. ఆవిడకు చదువు రాదు. "ఏముందే అందులో? చదువు" అంది. మొలకల పిండితో చేసే మాల్ట్ రొట్టె గురించి చదివాను. బార్లీ కావాలని ఉంది.

"జ్వరం వచ్చినవాళ్ళ బార్లీ మనకెందుకే! చోళ్ళు లేవూ?"

"ఈస్టు కూడా కావాలండీ. కల్లులో అదే ఉంటుందని ఇంకో పుస్తకంలో చదివాను."

"ఓసి నీ తెలివి మండా! మీ నాన్నగారి చేత కల్లు రొట్టె తినిపిస్తావుటే? చిటికెడు వంటసోడా చాలు."

చోళ్ళు మొలకెత్తించి, ఎండబెట్టి తిరగలిలో విసిరాం. ఆ పిండిలో రేషను గోధుమపిండి, బెల్లం, నల్లబడిన చక్కెరకేళీ అరటిపళ్ళు కలిపాం. మినపరొట్టె కాల్చినట్టే మూకుట్లో పోసి, కింద కొబ్బరిడొక్కల సెగ పెట్టి, మూతమీద చిప్పల నిప్పులు పోశాం. మాకు రొట్టె అంటే పొగలు కక్కుతుండగా తినాల్సిందే. అలాగే కోసి నాన్నగారికి పెట్టాను. ముక్క పళ్ళకు బంకలా పట్టుకుంది. ఆయన నాలుకతో దాన్ని ఊడదీసుకుని, "పుస్తకాల అట్టలు అంటించడానికి బాగుంటుందమ్మా" అని లేచిపోయారు.

పిన్నిగారు నవ్వు ఆపుకోలేకపోయింది. తరవాత అడిగింది: "ఆఖరిదాకా చదివేవా?"

చదవలేదు. పొయ్యిమీంచి దించమన్న చోటే ఆపేశాను. పేజీ తిప్పితే, ఆ రొట్టె జిగురుగానే ఉంటుందనీ, గుడ్డలో చుట్టి రెండు రోజులు ఉంచితేగాని రుచి రాదనీ ఉంది. ఇంకా పెద్ద చిక్కు! నిన్నటి వంట నాన్నగారు ముట్టరు.

పిన్నిగారు కాసేపు ఆలోచించి, "పాలతో కలుపుదాం. నీటిచుక్క వద్దు, ఉప్పు వద్దు. అప్పుడు నిలవ దోషం అంటదు. మడి కట్టుకుని చేద్దాం" అంది. మళ్ళీ చేశాం. రెండు రోజులు నాకు నిద్ర పట్టలేదు. పుస్తకం ఇచ్చెయ్యాల్సిన గడువు కూడా ఆ మూడోనాడే. ఆ పొద్దున్నే ఆవిడే పళ్ళెం పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"ఇది నిలవున్నదా అమ్మా?" అన్నారు నాన్నగారు.

"ఆయ్, ఉన్నదేనండి అన్నయ్యగారూ. పాలతో కలిపేమండి, నీళ్ళు తగల్లేదు. కజ్జికాయలు వారం దాచుకుని తినరుటండీ?"

"మొలకలకి నీళ్ళు పోసేరుగా?"

"ఎండిపోయేక నీళ్ళెక్కడివండీ!"

నాన్నగారి పెదవుల చివర నవ్వు కదిలింది. ముక్క తుంచి నోట్లో వేసుకున్నారు. నమలడం నెమ్మదించింది. ఇంకో ముక్క తీసుకున్నారు. మూడోది తీసుకుంటూ నా వైపు చూడకుండానే, "పుస్తకం ఇచ్చేటప్పుడు ఇంకోటి తెచ్చుకో. మీ పిన్నిగారికీ చదివి పెట్టు" అన్నారు.

ఆ తరవాత పన్నెండేళ్ళు, నాకు పెళ్ళయ్యేదాకా, ఆవిడ పొయ్యి పక్కన కూర్చుని చదివాను. తోకచుక్కల గురించి వింటూ కొబ్బరి కోరేది. నేను వాక్యాలు వదిలేసి గబగబా పోతుంటే గరిటెతో నేలమీద కొట్టి, "మధ్యలో ఏదో మింగేవు, మళ్ళీ చదువు" అనేది. ఎలా పట్టుకునేదో!

ఇప్పటికీ ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు పైకే చదువుతాను. ఒక్క వాక్యమూ మింగను.