సున్నా బొబ్బట్లు

అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ, మీనాకుమారి వద్దన్నా పెడుతుంది. రాజమండ్రిలో బట్టల కొట్టు సత్యప్రసాద్ గారి భార్య ఆవిడ. ఆ ఇంటికి వెళ్లి "ఇప్పుడే తినొచ్చామండి" అని తప్పించుకున్నవాళ్లు ఇంకా పుట్టలేదు.

కొట్టు చీరలు ఆన్‌లైన్లో అమ్మాలన్న పట్టుదలతో, యాభై దాటాక ఆవిడ కంప్యూటర్ క్లాసులో చేరింది. పక్కనంతా కాలేజీ పిల్లలు. ఇవాళ టీచరు ఇచ్చిన లెక్క తప్పితే కొత్తగా చేరినవాళ్ల బ్యాచికి వెనక్కి పంపేస్తారని భయం.

లెక్క చిన్నదే. ప్రోగ్రాము ఒక ప్రశ్న అడగాలి. సున్నా నుంచి పది దాకా ఏ అంకె కొట్టినా ఒప్పుకోవాలి. ఇంకేం కొట్టినా మళ్లీ అడగాలి. మీనాకుమారి ప్రోగ్రాము "ఎన్ని బొబ్బట్లు వేయమంటారండి?" అని అడిగింది.

టీచరు హెలెన్ వచ్చి "చాలా" అని కొట్టింది.

"అంకెల్లో చెప్పండి" అంది కంప్యూటర్.

హెలెన్ మైనస్ రెండు కొట్టింది.

"తినడానికొచ్చారా, ఇచ్చి వెళ్లడానికొచ్చారా అండి?"

ఇరవై కొట్టింది.

"మిగతావాళ్లకీ ఉంచండి."

క్లాసంతా గొల్లుమంది. మీనాకుమారి మొహం మతాబులా వెలిగిపోయింది. ఆఖర్న హెలెన్ సున్నా కొట్టింది.

"మొహమాటపడకండి. ఎన్ని వేయమంటారండి?"

మళ్లీ సున్నా. మళ్లీ అదే మాట.

"ఆంటీ, సున్నా కూడా జవాబేనండి. ఒప్పుకోవాలి కదా" అంది హెలెన్.

"అదెలాగండి మేడమ్? వద్దన్నారని ఊరుకుంటే ఇంక పెట్టడమేంటి?"

భార్యను తీసుకెళ్లడానికి వచ్చిన సత్యప్రసాద్ గుమ్మంలోంచి పకపకా నవ్వాడు.

"మా ఇంట్లో ఎప్పట్నుంచో నడిచే ప్రోగ్రామేనండి ఇది! షుగరొచ్చింది, తీపి మానేయమన్నారు డాక్టరు గారు. నేను సున్నా అంటానే ఉన్నాను, ఈవిడ మళ్లీ అడుగుతానే ఉంది."

అందరితోపాటు ఆవిడా నవ్వింది. నవ్వుతుంటేనే మనసు చివుక్కుమంది. మొన్న పండక్కి ఆయన విస్తరి మీద చేయి అడ్డం పెడితే, ఆ చేయి తప్పించి మరీ వేసిన బొబ్బట్టు గుర్తొచ్చింది.

కూర్చుని ప్రోగ్రాములో షరతు మార్చింది. సున్నా కొడితే ఇంక మళ్లీ అడగకూడదు. హెలెన్ సున్నా కొట్టి చూసింది.

"అలాగేనండి. మజ్జిగైనా తాగి వెళ్లండి."

లెక్క పాసైపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆదివారం చుట్టాలొచ్చారు. భార్య బొబ్బట్ల పళ్లెంతో వస్తుంటే సత్యప్రసాద్ అలవాటుగా కంచం మీద చేయి అడ్డం పెట్టాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, పళ్లెం పక్కవాళ్ల వైపు తిప్పేసింది. వెళ్లి ఆయనకు మజ్జిగ గ్లాసు తెచ్చిచ్చింది.

ఆయన కుడిచేయి మాత్రం చాలాసేపు కంచం మీదే ఉంది, నమ్మకం కుదరక.