రెండున్నర

ఖమ్మంల కంప్యూటర్ కొలువుకు ఇంటర్వ్యూ. "సి లాంగ్వేజ్‌ల ఐదును రెండుతో భాగిస్తే ఎంత?" అని అందరి ముందు అడిగిండ్రు. రెండున్నరని చెప్పిన. హాలంతా నవ్వింది. రెండూ పూర్ణసంఖ్యలైతే కంప్యూటర్ సగాన్ని వదిలేసి రెండే ఇస్తదట. ఐదు పాయింట్ సున్నా అని రాస్తేనే సగం నిలుస్తదట.

తిరిగి భద్రాచలం పోయే బస్సుల, చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకొని కూసున్న. పాల్వంచ దాటినంక ఒకాయన నా సీటు పక్కకొచ్చి నిలబడ్డడు. హాల్ల నా వెనక కూసోని నవ్వినాయనే.

"నేను గూడ రెండున్నరే అనుకున్న చెల్లె. అందరు నవ్వుతుంటే నవ్విన," అన్నడు మెల్లగ.

సిగ్గుతోటి తల ఎత్తలేకపోయిన. బూర్గంపాడు క్రాస్‌రోడ్డు కాడ ఆయన దిగిపోయిండు.

ఇప్పుడు నేను పిల్లలకు గదే పాఠం చెప్త. ఎవరన్నా రెండున్నర అంటే, క్లాసు నవ్వకముందే "నేను గూడ గట్లనే చెప్పిన" అని నేనే అంట.