రోమ్‌లో దొరికిన అరుగు

రోమ్‌లో పొద్దున్నుంచీ ఐస్‌క్రీం తింటూ, దారి తప్పుతూ, నవ్వుకుంటూ నడిచాం. కాళ్ళు పీకుతుంటే ఓ పాత ఇంటి గోడ వెంబడి ఉన్న రాతి అరుగు మీద కూలబడ్డాం. ఆ చల్లటి రాయి తగలగానే నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇంత సరదాగా తిరుగుతూ ఇప్పుడు కోపమేంటి?" అన్నారు మావారు.

కోపం రాదూ? పెద్దాపురంలో మా పుట్టింటి వీధి అరుగు గుర్తొచ్చింది మరి! నున్నటి ఎర్ర గచ్చు మీద మేకుతో గీసుకున్న అష్టాచెమ్మా గళ్ళు, మా గుప్పిళ్ళలో చింతపిక్కలు! పెరుగమ్మే మంగమ్మ తట్ట దించుకుని, "కాసిని మంచినీళ్ళు ఇప్పించండమ్మా" అనేది. జాతరకొచ్చినవాళ్ళు అక్కడే కునుకు తీసేవారు. కూర్చోవచ్చా అని ఎవరూ ఎవర్నీ అడిగేవారు కాదు.

మా అన్నయ్య కారుకి ర్యాంపు కావాలని దాన్ని పగలగొట్టించాడు. నేను అడ్డుపడితే, "ఎవరు పడితే వాళ్ళొచ్చి కూర్చుంటున్నారే" అన్నాడు. అసలు కట్టిందే అందుకు కదా!

ఈ అరుగు ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. వెంటనే అన్నయ్య మెసేజ్: "అబ్బ, ఎంత బాగుందే! ఎవరిల్లది? కూర్చోనిచ్చారా?"

"ఎవరిదో తెలీదన్నయ్యా. లెమ్మనడానికి ఇంతవరకూ ఎవరూ రాలేదు" అని పెట్టాను.